రక్తస్రావమును అరికట్టు విద్యుత్ శస్త్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



హనుమకొండలో 1904వ సంవత్సరమున రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి ఈ ఓరుగల్లు సీమలో గ్రంథాలయ సభ యనగా కవులను గురించియు, శాసనములను గురించియు ప్రసంగములు వినుట ఆనవాయితీ. అట్టి సభలో ఆపరేషను గదిలోని ఒక పనిముట్టును గురించి ఉపన్యాసమేమని కొందరికి తోచవచ్చును. కాని ఈ పందిట కూర్చున్నవారిలో ఆపరేషను మాట వినని కుటుంబ మున్నదా? కాన్పు కష్టమైనప్పుడు కడుపు కోసి బిడ్డను తీయుట, గర్భసంచి తీయుట, వరిబీజము, అపెండిక్సు, ప్రోస్టేటు గ్రంథి వాపు, ఏదో ఒకటి ప్రతి యింటను జరిగియే యుండును. అప్పుడు ఇంటివారు డాక్టరు నడుగు మొదటి ప్రశ్న నొప్పిని గురించినది కాదు. "రక్త మెంత పోవునయ్యా? ఎక్కింపవలసి వచ్చునా?" అన్నదే. ఆ భయము నిర్హేతుకము కాదు.

పెద్దవాని దేహములో నుండు రక్తము సుమారు 5 లీటర్లు. అందులో మూడవ వంతు వేగముగా పోయినచో ప్రాణాపాయము. అంతకు తక్కువ పోయినను, ముందే రక్తము తక్కువగా నున్నవారికి అది పెద్ద నష్టము. మన స్త్రీలలో సగము మందికి పైగా రక్తహీనతతో నున్నారని దేశమున జరిగిన ఆరోగ్య పరిశీలనలు చెప్పుచున్నవి. నిండిన చెరువుకు చిన్న గండి పడిన పంట పోదు. అడుగంటిన చెరువుకు అదే గండి పడిన ఆయకట్టు ఎండిపోవును. పొలమునుండి తిన్నగా ఆస్పత్రికి వచ్చిన తల్లి విషయమున వైద్యుడు ప్రతి చుక్కను లెక్కించుట ఇందువలననే.

కత్తితో కోసిన చోట రక్తము కారుట ప్రకృతిధర్మము. కోయవలెను, రక్తము పోరాదు! ఈ రెండు కోరికలను ఒక్క పనిముట్టుతో తీర్చవలెనని మానవుడు వేల యేండ్లుగా ప్రయత్నించుచునే యున్నాడు. సుశ్రుతుడు రక్తము నాపుటకు నాలుగు ఉపాయములు చెప్పెను. వగరు ద్రవ్యములతో గాయపు టంచులను దగ్గరకు చేర్చుట సంధానము. చల్లదనముచే రక్తమును గడ్డకట్టించుట స్కందనము. భస్మాదులచే గాయమును ఎండించుట పాచనము. నిప్పుతో కాల్చుట దహనము. తక్కిన మూడును విఫలమైనప్పుడే నాలుగవ దానికి పోవలెనని ఆయన నియమము. ఈ క్రమము గమనింపదగినది. ఏలయన మన పల్లెలలో ఆ నియమము తల్లక్రిందులైనది. పచ్చకామెర్లకు చేతిమీద వాత, పసిపిల్లవానికి మూర్ఛ వచ్చిన వాత, పశువునకు కాలు కుంటుపడిన వాత! సుశ్రుతుడు చివరకు ఉంచిన దానిని మనవారు మొదటికి తెచ్చిరి. కామెర్లు కాలేయమునకు సంబంధించిన వ్యాధి. చేతి చర్మము కాల్చినందువలన కాలేయమునకు కలుగు మేలు లేదు. పుండు మాత్రము కలుగును.

పాశ్చాత్య దేశములందును ఇదే కథ. యుద్ధములలో గాయపడిన సైనికుల గాయములలో మరుగు నూనె పోయుచుండెడివారు. 1537లో ట్యూరిను ముట్టడియందు ఆంబ్రోజ్ పారే యను ఫ్రెంచి శస్త్రవైద్యునికి నూనె అయిపోయెను. గత్యంతరము లేక గ్రుడ్డుసొనయు, గులాబి నూనెయు, టర్పెంటైనును కలిపి పూసెను. మరునాడు చూడగా నూనె పోయించుకొన్నవారు జ్వరముతో మూలుగుచుండిరి, లేపనము పూయించుకొన్నవారు నెమ్మదిగా నుండిరి. తరువాత నతడు కాలు చేతులు తీసివేయునప్పుడు రక్తనాళములను కాల్చుటకు మారుగా దారముతో ముడివేయు పద్ధతిని ప్రచారము చేసెను. ఆ ముడి నేటికిని పోలేదు. పెద్ద ధమని తెగినచో ఎంత గొప్ప యంత్ర మున్నను నేటి వైద్యుడు దారముకొరకే చేయి చాచును.

ఇక నిప్పు స్థానమున విద్యుత్తు ఎట్లు వచ్చెనో చూతము.

భూపాలపల్లి చెంత చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్ర మున్నది. అందు ఒకటి 500, మరియొకటి 600 మెగావాట్ల శక్తిగల యూనిట్లు. అట్టి కేంద్రములనుండి తీగలద్వారా మన యిండ్లకు వచ్చు కరెంటు సెకనుకు 50 పర్యాయములు అటునిటు ఊగుచుండును. ఆ కరెంటు మనిషిని తాకిన కండరములు బిగిసిపోవును, గుండె లయ తప్పును, మృత్యువు సంభవించును. పొలముగట్టున మోటారు స్టార్టరువద్ద ప్రాణములు కోల్పోయిన రైతుల సంగతి ఈ సభకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. అదే కరెంటును ఆపరేషను బల్లమీద రోగి దేహములోనికి పంపుదురనగా వినువారికి గుండె ఝల్లుమనును.

రహస్యమంతయు ఆ ఊపు వేగములో నున్నది. 1890 ప్రాంతమున ఫ్రాన్సులో దార్సోన్వాల్ అను శాస్త్రజ్ఞుడు ఒక వింత కనిపెట్టెను. సెకనుకు పదివేల పర్యాయములకు మించి ఊగు కరెంటు దేహముగుండా పోయినను కండరములు బిగియవు, వెచ్చదనము మాత్రమే కలుగును. తలుపును ఒకడు లోనికి నెట్టుచుండగా అదే క్షణమున మరియొకడు వెలికి లాగుచున్నచో తలుపు తెరచుకొనదు గదా. నరము స్థితియు అట్టిదే. నరము స్పందించుటకు కొంత వ్యవధి కావలెను. ఆ వ్యవధి చిక్కకముందే కరెంటు దిక్కు మారిపోవును. నేటి ఆపరేషను యంత్రములు గోడలోని 50 ఊపుల కరెంటును తీసికొని సెకనుకు సుమారు 3 లక్షలనుండి 5 లక్షల ఊపుల కరెంటుగా మార్చి పంపును.

ఈ విద్యను శస్త్రవైద్యమున స్థిరపరచిన దినము 1926 అక్టోబరు 1. స్థలము అమెరికాలోని బోస్టను నగరమున పీటర్ బెంట్ బ్రిగ్హామ్ ఆస్పత్రి. మెదడు శస్త్రచికిత్సకు ఆద్యులలో నొకడగు హార్వే కుషింగ్ ఒక రోగి తలపైనున్న కణితిని తీయబూని, రక్తము ధారగా పోవుచుండుటచే కొద్దిదినములకు ముందు ఆ ప్రయత్నమును మధ్యలోనే విరమించియుండెను. మెదడునకు సంబంధించిన చోట దారముతో ముడివేయుట దుర్లభము. అందుకొరకు ఆయనయే వెండి క్లిప్పులను ప్రవేశపెట్టియుండెను, అవియు చాలలేదు. హార్వర్డులో విలియం బోవీ యను నతడు, మొక్కల శాస్త్రము నభ్యసించి భౌతికశాస్త్రము వైపు మళ్ళినవాడు, విద్యుత్తుతో కోయుటకును రక్తము నాపుటకును పనికివచ్చు యంత్రమును తయారుచేసియుండెను. కుషింగ్ అతనిని పిలిపించెను. అక్టోబరు 1న బోవీ యంత్రముతో అదే కణితిని తీసివేసెను. అంతకుముందు చేయనలవికాదని మూసివేసిన తలలను మరల తెరచుటకు ఆయన రోగులను తిరిగి పిలిపించెనట! బోవీ తన హక్కును ఒక్క డాలరుకు ఇచ్చివేసెనని ప్రసిద్ధి. 1958లో ఆయన మరణించునాటికి సంపద యేమియు లేదు. పాశ్చాత్య వైద్యులు నేటికిని ఆ యంత్రమును ఆయన పేరిటనే పిలుచుచున్నారు. లోకము కొందరికి పేరు నిచ్చి, అన్నము పెట్టుట మరచిపోవును.

ఆ సంవత్సరములలోనే, ఆ హార్వర్డు వైద్యవిద్యాలయమునందే, భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధన చేయుచుండిరి. రక్తమున ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని ఫిస్కే గారితో కలిసి 1925లో ప్రకటించిరి. ఒక ఊరిలో ఒకే కాలమున ఒకరు రక్తమును కొలుచు విధమును, మరియొకరు దానిని ఆపు విధమును వెదకుచుండుట తలచుకొన్న ముచ్చటగా నుండును.

ఈ పనిముట్టు రూపము చాల సామాన్యము. వ్రాతకోల వంటి పిడి, దాని చివర సన్నని లోహపు రేకు, వెనుక తీగ. మన ఆస్పత్రులలో దీనిని "కాటరీ" యని, చేతి పిడిని "పెన్సిలు" అని అందురు. కాటరీ యను మాట యథార్థముగా ఎర్రగా కాల్చిన ఇనుమునకు చెందినది. ఇచ్చట ఇనుము కాలదు. రేకు కొననుండి కరెంటు మాంసములోనికి దిగునప్పుడు మాంసమే తనలో తాను వేడెక్కును. కమ్మరి కొలిమికిని దీనికిని గల భేద మిదియే.

ఆ వేడి రెండు విధములు. కరెంటు ఎడతెగక ప్రవహించినచో కణములలోని నీరు తటాలున మరిగి ఆవిరియగును, కణము పగులును, మాంసము విడిపోవును. అది కోత. కరెంటును ముక్కలు ముక్కలుగా, నూటికి ఆరు వంతుల కాలము మాత్రమే పంపి మిగిలిన కాలము ఆపినచో వేడి నెమ్మదిగా ఎక్కును. 60 డిగ్రీలు దాటినంతనే కోడిగ్రుడ్డు తెల్లసొన గట్టిపడినట్లు మాంసకృత్తులు గట్టిపడి సన్నని రక్తనాళముల నోళ్ళు మూసికొనును. అది గడ్డకట్టించుట. పసుపుపచ్చ మీట నొక్కిన మొదటిది, నీలి మీట నొక్కిన రెండవది. రెండింటిని కలిపి వాడు పద్ధతియు కలదు. కోయుచుండగనే అంచులు మూసికొనును. పూర్వము ఒకరు కోయుచుండగా మరియొకరు గుడ్డతో అదుముచు, వేరొకరు చిమటాలతో పట్టి ముడివేయుచుండిన పని చాలవరకు తగ్గినది.

లోనికి పోయిన కరెంటు తిరిగి వెలుపలికి రావలెను గదా. అందుకై రోగి తొడక్రిందనో, పిరుదులక్రిందనో ఒక వెడల్పైన పలకను అంటించెదరు. పెన్సిలు కొనవద్ద పోయిన కరెంటే ఈ పలకవద్దకును వచ్చును. అచ్చట మాంసము కాలి, ఇచ్చట చర్మము కమలకుండుటేమి? గొడ్డలి అంచుతో కొట్టిన దుంగ చీలును. అదే బలముతో గొడ్డలి వెనుక భాగముతో కొట్టిన చీలదు. బలము ఒక్కటే, పడు చోటి వైశాల్యము వేరు. పలక చర్మమునకు పూర్తిగా అంటియున్నంతకాలము కరెంటు వెడల్పుగా పరచుకొని చల్లగా పోవును. సగము లేచిపోయినచో మిగిలిన సగమే గొడ్డలి అంచుగును. ఈ పరికరము చేయు అపకారములలో పేరుపడినది ఇదియే. ఆపరేషను చక్కగా జరిగి, కుట్లు మానుచుండగా తొడమీద కాలిన పుండుతో బాధపడినవారు లోకమున ఎందరో కలరు. అందుచేత పలక నంటించు చోట వెండ్రుకలు తీసి, తడి తుడిచి, ఎముక పొడుచుకొనివచ్చు చోటును, మచ్చలున్న చోటును, లోపల స్టీలు కడ్డీ వేసిన చోటును విడిచి, కండగల చోట అంటింతురు. క్రొత్త యంత్రములలో పలక పట్టు సడలినంతనే గంట మ్రోగి కరెంటు ఆగిపోవు ఏర్పాటు కలదు.

ఇక్కడనే స్త్రీల నగల ప్రస్తావన రావలసియున్నది. కరెంటు పోవు త్రోవలో లోహపు నగ యున్నచో అది వేడెక్కి చర్మమును కాల్చుట సంభవము. కావున నర్సమ్మ గాజులు, మట్టెలు, పుస్తెలు తీయుమని చెప్పినప్పుడు అది అశుభము కోరి చెప్పినది కాదు. పుస్తె తీయుటకు మనసొప్పనివారు పసుపుతాడున పసుపు కొమ్ము కట్టుకొను ఆచారము మన పెద్దలు ఏర్పరచినదే. అందులో లోహము లేదు. మెడలో ముడి యుండును, చర్మమునకు కీడు రాదు. అట్లే గుండెలో పేస్‌మేకరు అమర్చబడినవారు, కాలిలో కడ్డీ యున్నవారు ఆ సంగతి ముందే చెప్పవలెను. పేస్‌మేకరు ఈ కరెంటును చూచి గుండె చప్పుడని భ్రమపడి తన పని మానవచ్చును.

నిప్పురవ్వ యున్నచోట మండు వస్తువు ఉండరాదు. ఈ సందర్భమున హైదరాబాదు పేరు స్మరింపవలెను. ఆరవ నిజాము కాలమున, రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ ప్రోద్బలముతో 1888లోను, 1889లోను హైదరాబాదు క్లోరోఫారం కమిషనులు జరిగినవి. క్లోరోఫారము గుండెను చంపదని, ఊపిరి ఆగుటయే మరణకారణమని అవి తేల్చినవి. ఆ తీర్పు సరికాదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించెను. గుండెకు కీడు చేయు క్లోరోఫారము మండదు, గుండెకు మేలైన ఈథరు భగ్గున మండును! విద్యుత్ కత్తి వచ్చిన తరువాత వైద్యులు చిరకాలము ఈ రెంటి నడుమ నలిగిరి. 1956లో మండని హాలోథేను రాకతో ఆ చిక్కు తొలగెను. నేడు మిగిలిన అపాయము చర్మముమీద పూయు స్పిరిటు మందు. అది పూర్తిగా ఆరకముందే మీట నొక్కిన మంటలు లేచును. ముఖమునకు సమీపమున ప్రాణవాయువు పెట్టియున్న ఆ అపాయము ఇనుమడించును.

పలక అక్కరలేని పద్ధతియు కలదు. చిమటా వంటి పనిముట్టు రెండు కొనల నడుమనే కరెంటు పోయివచ్చును. 1940లో జేమ్స్ గ్రీన్‌వుడ్ దీనిని ప్రవేశపెట్టగా లెనార్డ్ మాలిస్ మెరుగుపరచెను. మెదడు, వెన్నుపాము వంటి సుకుమారమైన చోట్ల ఇదియే శరణ్యము. ఇటీవలి పరికరములు 7 మిల్లీమీటర్ల లావుగల నాళమును సైతము నొక్కి, అతికి, నడుమ కోయగలవు.

ఓరుగల్లులో కాకతీయ వైద్య కళాశాల 1959లో స్థాపింపబడినది. జనగామవారు, మానుకోట యని మనము పిలుచుకొను మహబూబాబాదువారు రైలెక్కియు, రైలు లేని భూపాలపల్లివారు రోడ్డు పట్టియు పెద్ద ఆపరేషనుకు చిరకాలము ఓరుగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆస్పత్రికే పోవుచుండిరి. 2016లో ఈ మూడును జిల్లాకేంద్రములైనవి. 2022లో మహబూబాబాదునను, 2023లో జనగామ, భూపాలపల్లిలందును ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. ఆపరేషను గది ఇంటికి దగ్గరైనది. అయినను విద్యుత్ కత్తి యున్నదని రక్తము సిద్ధము చేసికొనకుండుట పొరపాటు. ఇంట ఇద్దరి రక్తపు గ్రూపు ముందే తెలిసియుండుటయు, గర్భిణి ఐరను మాత్రలు మింగుటయు ఏ యంత్రమును చేయలేని పనులు.

ఆపరేషను ముగిసి మంచముమీదికి తెచ్చిన తరువాత పలక తీసిన చోటును ఇంటివారు ఒక్కసారి చూడవలెను. చర్మము కొంచెము ఎర్రబారి కొన్ని గంటలలో మామూలైన చింత లేదు. బొబ్బ లేచినను, తెల్లగా గట్టిపడినను, ఆ దినముననే నర్సమ్మకు చూపవలెను.