రెండవమారు తలపడునప్పుడు
(కటవారియా సరాయ్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో ఏదైన సాహిత్య విషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పద్యమును నాకంటె శ్రావ్యముగ చదువగలవారు ఇచ్చట పెక్కుమంది కలరు. కావున ముష్టియుద్ధమును గూర్చి మాటలాడెదనంటిని. వారొక క్షణము నా ముఖము వంక చూచి, “తమ ఇష్టమండీ” అనిరి. నేను ముష్టియోధుడను కాను. ముప్పది సంవత్సరములు దస్త్రములతో కుస్తీపట్టిన ఉద్యోగిని. ఆ ఆటను చూచుట నాకు చిరకాలపు అలవాటు, అంతియే.

ఈ విషయమును ఎన్నుకొనుటకు ఒక కారణము కలదు. మన సభ్యులలో ఒకరి కుమార్తె, పదునాలుగేండ్ల బాలిక, క్రిందటి నెలలో పాఠశాలల బాక్సింగ్ పోటీలో ఓడిపోయినది. మరల కొద్ది వారములలో అదే ప్రత్యర్థితో తలపడవలసియున్నది. ఈసారియు ఓడినచో ఆట మానిపింతునని తల్లి ఖండితముగ చెప్పినది. మొన్న ఆదివారమునాడు ఆ బాలిక మా యింటికి వచ్చి, “తాతగారూ, ఈసారి అంతా మార్చేస్తున్నాను. నిలబడడం, కొట్టడం, కదలడం అన్నీ కొత్తగా నేర్చుకుంటున్నాను. ఆ అమ్మాయి నన్ను గుర్తుకూడా పట్టకూడదు” అన్నది. అప్పటికప్పుడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోయితిని. ఈనాటి ప్రసంగము ఆ సమాధానమే.

రెండవమారు తలపడిన యోధుల కథలలో మనకెల్లరకును తెలిసినది కిష్కింధలోనిది. సుగ్రీవుడు వాలితో పోరి, చావుదెబ్బలు తిని, ఋశ్యమూకమునకు పారిపోయి వచ్చెను. అప్పుడు రాముడు అతనికి క్రొత్త పట్లు నేర్పలేదు. అన్నదమ్ములిద్దరు ఒకే రూపమున నుండుటచే ఎవరు ఎవరో తెలియలేదనియు, అందుచేతనే బాణము విడువలేదనియు చెప్పెను. లక్ష్మణుడు పూచిన గజపుష్పీలతను తెచ్చి సుగ్రీవుని మెడలో వైచెను. సుగ్రీవుని బలము పెరుగలేదు, పోరు తీరు మారలేదు. మారినది ఆ దండ యొక్కటియే. ఓటమికి అసలు కారణము కనుగొనబడినది కనుక ఆ యొక్కటియే చాలినది. అయితే బాలబాలికలారా, మనము ఈ కథనుండి దండవరకే గ్రహింపవలెను. చెట్టుచాటు బాణమును ఏ బాక్సింగ్ నియమావళియు అంగీకరింపదు.

కావున మొదటి పని కారణాన్వేషణము. నేటి ఔత్సాహిక పోటీలలో పెద్దలకు మూడు రౌండ్లు. ఒక్కొక్కటి మూడు నిమిషములు. బరి చుట్టును ఐదుగురు న్యాయనిర్ణేతలు కూర్చుందురు. రౌండులో పైచేయి అయినవారికి పది గుణములును, రెండవవారికి సాధారణముగ తొమ్మిదియు వేయుదురు. పత్రికలలో మనము చూచు 5-0, 3-2 అను అంకెలు కొట్టిన దెబ్బల లెక్క కావు. ఎందరు న్యాయనిర్ణేతలు ఎవరి పక్షమున తీర్పు చెప్పిరో ఆ లెక్క. 5-0గా ఓడినవారు కూడ ప్రతి రౌండును ఒక్కొక్క వెండ్రుకవాసిలో పోగొట్టుకొని యుండవచ్చును. అందుచే “ఘోరముగ ఓడితిని” అని దుఃఖించుటకు ముందు రౌండు వెంబడి రౌండు పరిశీలింపవలెను. మొదటి రౌండులో వెనుకబడితిమా? మూడవ రౌండులో ఆయాసపడితిమా? ఒకే దెబ్బను పదేపదే తింటిమా? ఈ మూడు జబ్బులకును మూడు వేరువేరు మందులు. ఆయాసమునకు క్రొత్త దెబ్బ నేర్చుట మందు కాదు; తెల్లవారుజామున పరుగెత్తుటయే మందు.

ఈ కటవారియా సరాయ్ సందులలో నడచువారికి ఇది తెలియని సంగతి కాదు. ఇంజనీరింగు సర్వీసు, గేట్ మొదలగు పరీక్షలకై ఇరుకు గదులలో చదువుకొను యువకులలో మన తెలుగు పిల్లలును కలరు. ఒకమారు తప్పినవాడు ఏ ప్రశ్నకు ఎందుకు గుణములు పోయినవో చూడక, ఉన్న పుస్తకములన్నియు అమ్మివేసి క్రొత్తవి కొనుట నేనెరుగుదును. ఆ బాలిక చేయబోవుచున్నదియు అట్టిదే.

కారణమును కనుగొని దానినే సరిదిద్దుకొనిన వారిలో జో లూయీ ముఖ్యుడు. 1936 జూన్ 19న న్యూయార్కులోని యాంకీ స్టేడియమునందు జర్మనీ దేశీయుడు మాక్స్ ష్మెలింగ్ అతనిని పండ్రెండవ రౌండులో పడగొట్టెను. వృత్తియోధుడుగా లూయీకి అది మొదటి ఓటమి. ష్మెలింగ్ లూయీ పోరాటముల చలనచిత్రములను ముందుగనే చూచి ఒక లోపమును పసిగట్టెను. జాబ్ అను ఎడమచేతి నేరుదెబ్బ వేసిన తరువాత లూయీ ఆ చేతిని వెనుకకు తెచ్చునప్పుడు క్రిందికి జారవిడుచును. ఆ సందులోనుండి ష్మెలింగ్ కుడిచేయి మరల మరల దూరినది. రెండు సంవత్సరముల పిమ్మట, 1938 జూన్ 22న, అదే స్థలమున ఇరువురును మరల కలిసికొనిరి. పోరు 124 సెకన్లలో ముగిసెను. ఈసారి పడినవాడు ష్మెలింగ్. లూయీ వేరొక మనిషి కాలేదు. చేతులు అవియే, బలము అదియే. తొలి గంట మ్రోగినది మొదలు ప్రత్యర్థికి నిలద్రొక్కుకొను వ్యవధి మాత్రము ఈయలేదు.

మన బాలికకు ఇందలి పాఠమేమి? జాబ్ వేసిన చేయి పోయిన దారినే చెక్కిలి చెంతకు మరలవలెను. ఇది వినుటకు మిక్కిలి అల్పమైన సంగతి. కాని అలసిన వేళ చేయి తనంతట తానే జారును. అలసటలో మనిషి పాత అలవాటునకే మరలును. సాధనలో సహచరి యొకతె ఎదుట నిలిచి, చేయి జారిన ప్రతిసారియు మెత్తగ నొక దెబ్బ తగిలించినచో, వేయి మాటలు చెప్పలేని బుద్ధిని ఆ చెక్కిలియే చెప్పును.

రెండవ విధమైన ఓటమి మరియొకటి కలదు. అందు లోపము చేతిలో కాక ఆలోచనలో నుండును. ఎదుటివాడు కోరిన పోరును మనము పోరుట. 1980 జూన్ 20న మాంట్రియల్ నగరమున షుగర్ రే లెనార్డ్ పనామా దేశీయుడైన రొబెర్తో దురాన్‌తో తలపడెను. లెనార్డ్ చురుకైన పాదములు గలవాడు. దురాన్ మీదికి తోసికొనివచ్చి దగ్గరగ కొట్టువాడు. లెనార్డ్ పంతమునకు పోయి, నిలిచిన చోటనే అతనితో దెబ్బకు దెబ్బ మార్చుకొని పదునైదు రౌండ్లలో ఓడెను. ఐదు నెలల తరువాత, నవంబరు 25న, న్యూ ఆర్లియన్స్ నగరమున చుట్టును తిరుగుచు, దూరమునుండి కొట్టుచు, దొరకక విసిగించెను. ఎనిమిదవ రౌండులో దురాన్ తానే పోరు చాలించెను. ఇచ్చట లెనార్డ్ క్రొత్త శైలి నేర్చెననుట సరికాదు. మొదటిసారి కోపములో విడిచిపెట్టిన తన సొంత శైలిని రెండవసారి మరల చేపట్టెను.

ప్రత్యర్థిని బట్టి చేయదగిన మార్పులు కొన్ని కలవు. పొడవైన చేతులవారి ఎదుట వారి చేయి చివర నిలువరాదు. పూర్తిగ వెలుపలనైన ఉండవలెను, దెబ్బ తప్పించుకొని లోపలికైన పోవలెను. మీదికి వచ్చువారి ఎదుట తిన్నగ వెనుకకు నడచినచో వీపు తాళ్ళకు తగులును, ప్రక్కకు అడుగువేయవలెను. ఎడమచేతి వాటము గలవారితో కుడిచేతి వాటమువారు తలపడునపుడు తమ ఎడమపాదమును వారి ముందుపాదమునకు వెలుపల నుంచుకొనుట మేలు. అప్పుడు కుడిచేతి నేరుదెబ్బకు దారి దొరకును. వీటిలో ఒకటి, మహా అయిన రెండు, ఎన్నుకొని ప్రతిదినము సాధన చేయవలెను. ఆ సాధనయు ప్రత్యర్థి ఎత్తు, ప్రత్యర్థి వాటము గల సహచరితో చేయవలెను. తొమ్మిది నిమిషముల పోరులో పది క్రొత్త విద్యలకు చోటు లేదు. గురువుగారికి రౌండ్ల నడుమ దొరకునది ఒక నిమిషము. అందులో శిష్యుని చెవికెక్కునది ఒక వాక్యము.

ఇంతవరకు ఓడినవారి సంగతి. ఇక గెలిచినవారిని గూర్చి చెప్పవలెను. మరల కిష్కింధకు పోదము. దెబ్బతిని పారిపోయిన సుగ్రీవుడు అంతలోనే తిరిగివచ్చి గర్జించుచున్నాడన్నచో అందులో ఏదియో విశేషమున్నదని తార వాలిని హెచ్చరించెను. వాలి వినలేదు. ఓడినవానికి ఓటమియే గురువు. గెలిచినవానికి అట్టి గురువు లేడు. అందుచే ఇంటిలో ఒక తార యుండవలెను, ఉన్నపుడు ఆమె మాట వినవలెను.

మన నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ చరిత్రయందు ఈ సత్యము రెండువైపుల నుండియు కనబడును. 2021 మార్చిలో ఇస్తాంబుల్ నగరమున తుర్కీ దేశీయురాలు బూసెనాజ్ చాకిరోగ్లు చేతిలో ఆమె 0-5గా ఓడెను. ఆ చాకిరోగ్లు అదే సంవత్సరము టోక్యో ఒలింపిక్ క్రీడలలో రజతపతకము గెలిచెను. 2022 ఫిబ్రవరిలో సోఫియాలో జరిగిన స్ట్రాంజా పోటీల సెమీఫైనలులో నిఖత్ ఆమెనే 4-1గా గెలిచెను. ఒక సంవత్సరమైనను నిండకముందే ఐదు తీర్పులలో నాలుగు ఇటు తిరిగినవి! ఆ మే నెలలోనే ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ విజేత్రి అయ్యెను. కాని కథ అంతటితో ఆగలేదు. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచపోటీల క్వార్టర్ ఫైనలులో చాకిరోగ్లు మరల 5-0గా గెలిచెను.

మరియొక ఉదాహరణము మన ఢిల్లీలోనే ఆరంభమైనది. 2023 మార్చిలో ఇందిరాగాంధీ క్రీడాప్రాంగణమున జరిగిన ప్రపంచపోటీలలో నిఖత్ క్వార్టర్ ఫైనలునందు థాయిలాండు దేశీయురాలు చుతామత్ రక్సత్‌ను 5-2గా గెలిచెను. ఫైనలునందు వియత్నాం దేశీయురాలు న్గుయెన్ థి తామ్‌ను 5-0గా గెలిచి రెండవమారు ప్రపంచ విజేత్రి అయ్యెను. ఆరు నెలలు గడచినవి. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఆ ఇద్దరే ఆమెకు మరల ఎదురైరి. థి తామ్‌పై మరల 5-0. కాని సెమీఫైనలునందు రక్సత్ 3-2గా గెలిచెను. నిఖత్‌కు కాంస్యము దక్కినది. ఏకగ్రీవముగ వచ్చిన గెలుపు నిలిచినది. తీర్పు చీలిన గెలుపు చేజారినది. చీలిన తీర్పుతో గెలిచినవారు ఆ రాత్రియే తాము ఓడితిమనుకొని లెక్క చూచుకొనవలెనని నాకు తోచుచున్నది. ప్రత్యర్థి అప్పటికే ఆ లెక్క చూచుకొనుచుండును.

నిఖత్ ఆ కాంస్యముతో ఆగలేదు, 2024 ఆగస్టు 1న పారిస్‌లో చైనా దేశీయురాలు వూ యూ చేతిలోని ఓటమితోను ఆగలేదు. 2025 నవంబరులో ఢిల్లీకి చేరువనున్న గ్రేటర్ నోయిడాలో ప్రపంచకప్ ఫైనల్స్ స్వర్ణమును గెలిచెను. ఓడుచు, గెలుచుచు, మరల ఓడుచు, మరల బరిలోనికి దిగుటయే ఆమె చరిత్ర. ఒక్క ఓటమికి ఆట మానిపింతుమను తల్లిదండ్రులు దీనిని కొంచెము ఆలోచింపవలెనని మనవి.

ఇక ఆ బాలిక ఈ సభలోనే, మూడవ వరుసలో, తల దించుకొని కూర్చున్నది. అమ్మాయీ, నీ సమాధానము ఇది. ఆ అమ్మాయి నిన్ను గుర్తుపట్టనీ, తప్పులేదు. నీ జాబ్ నీదే, నీ నడక నీదే. వాటిని పారవేయకుము. నీ ఓటమి చిత్రమును మీ గురువుగారితో కూర్చుండి మూడుమారులు చూడుము. మొదటిమారు ఏడ్పు వచ్చును, ఏడువుము. రెండవమారు నీకు తగిలిన దెబ్బలను చూడుము. మూడవమారు ఆ దెబ్బలకు ముందు నీ చేతులు, పాదములు ఎక్కడనున్నవో చూడుము. అక్కడ ఒక సందు కనబడును. ఉన్న వారములన్నియు దానిని మూయుటకే వినియోగింపుము. గెలిచినచో మిఠాయి తెచ్చి పెట్టుము. ఓడినచో చిత్రము తీసికొని మా యింటికి రమ్ము. నాలుగవమారు కలిసి చూతము. మీ అమ్మగారితో నేను మాటలాడెదను.