తెల్లబడని వ్రేళ్లు
(సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. అందు పనిచేసిన తెలుగువారి కుటుంబము లిప్పటికిని మన మధ్య నున్నవి. గని యనగానే రాతిధూళియు, ఊపిరితిత్తుల జబ్బును జ్ఞప్తికి వచ్చును, అది న్యాయమే. కాని రాతిని తొలుచు యంత్రమును గంటల తరబడి అదిమి పట్టిన చేతుల మాట ఎవరును తలపెట్టరు. గని పోయినను యంత్రము పోలేదు. గ్రానైటు క్వారీలలో జాక్‌హామరుగా, రోడ్డు పనులలో బ్రేకరుగా, రాతి షెడ్లలో గ్రైండరుగా అది మన పిల్లల చేతులలోనే యున్నది.

ఈ రోగము క్రొత్తది కాదు. 1918లో ఆలిస్ హామిల్టన్ అను అమెరికా వైద్యురాలు ఇండియానా రాష్ట్రమందలి బెడ్‌ఫర్డు సున్నపురాతి పనివారిని పరీక్షించెను. గాలిసుత్తితో పనిచేయువారి వ్రేళ్లు చలికి పాలిపోయి స్పర్శ కోల్పోవుట ఆమె గమనించెను. ఉలిని పట్టుకొను ఎడమచేయియే మిక్కిలి చెడియుండెను. ఇట్టి లక్షణమునుబట్టి రోగమునకు ‘తెల్లవ్రేళ్లు’ అను పేరు స్థిరపడినది.

ఆ పేరే మనలను మోసగించుచున్నదని మా అభిప్రాయము. రక్తనాళములు ముడుచుకొని వ్రేళ్లు తెల్లబడుటకు చలి కావలెను. మన వేడి దేశములలో అది అరుదు. నల్లని చర్మముపై కనిపించుటయు కష్టమే. కాని నరములు చెడుటకు చలితో పని లేదు. తిమ్మిరి, చీమలు పాకినట్లుండుట, పట్టు సడలుట, చొక్కా గుండీ పెట్టుకొనలేకపోవుట, జేబులోని నాణెమును తడిమి గుర్తింపలేకపోవుట, ఇవియే మన గుర్తులు. రాత్రి తిమ్మిరికి మేలుకొని చేయి విదిలించుకొను భర్తను భార్య యెరుగును, యజమాని యెరుగడు. ముదిరిన తరువాత పోయిన స్పర్శ సాధారణముగా తిరిగి రాదు.

మరి అపాయమును ముందుగా లెక్కించు టెట్లు? రెండే సంగతులు: యంత్ర మెంత అదరుచున్నది, దాని నెంతసేపు పట్టితిమి. అదరు బలమును త్వరణముగా కొలతురు. 2002 నాటి ఐరోపా ఆదేశము ప్రకారము, ఎనిమిది గంటల దినమునకు సగటున 2.5 మీటర్లు (సెకను వర్గమునకు) చేరినచో యజమాని చర్య తీసికొనవలెను. 5 మీటర్లు దాటరాదు. దీనిలో ఒక మెలిక గలదు. అదరు రెట్టింపైనచో కాలము సగము గాదు, నాలుగవ వంతగును. 5 మీటర్లు అదరు గ్రైండరుతో మొదటి హద్దు రెండు గంటలకు వచ్చును. 10 మీటర్లు అదరు బ్రేకరుతో అరగంటకే వచ్చును, రెండు గంటలకు పరమావధియు ముగియును. మన కుర్రవాడు దినమునకు ఐదారు గంటలు పట్టుచున్నాడు! అమ్మినవాడు కాగితముపై వ్రాసిన అంకె కొంత తక్కువగానే యుండునని యెంచుట మేలు; మొద్దుబారిన ఉలి, అరిగిన భాగములు దానిని పెంచును.

లెక్కింపవలసినది యంత్రము మ్రోగిన కాలమే గాని, కూలి గంటలు కావు. గడియారము పెట్టుకొని ఒక్క దినము వ్రాసికొనిన చాలును.

చేతితొడుగు లున్నవి గదా యని కొంద రందురు. అవి వెచ్చదనమునకు, గాయము కాకుండుటకు మంచివి. అదరును నమ్మదగినంతగా ఆపవు. పదునైన ఉలి, మరమ్మతు చేసిన యంత్రము, ఇద్దరు మార్చి మార్చి పట్టుట, గట్టిగా బిగింపక పట్టుకొనుట, ఇవి మేలైనవి. బీడీ రక్తనాళములను ముడుచును గనుక దాని సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము తెలియజేయవలసిన రోగముల పట్టికలో శబ్దమువలన వచ్చు చెవుడును చేర్చిరి. చేతుల కీ యదరు తెచ్చు రోగమును చేర్చలేదు. కావున వైద్యుడు తనంతట అడుగునని వేచియుండరాదు. చేతుల తిమ్మిరితో పోవునపుడు వయసును, ఊరును చెప్పి ఊరకుండక, ఏ యంత్రమును ఎన్ని సంవత్సరములు, దినమునకు ఎంతసేపు పట్టితిరో కాగితముపై వ్రాసి చూపుడు.