అమ్మ ఇచ్చినది, బిడ్డ సంపాదించుకున్నది



కడుపులోని బిడ్డకు బయటి జబ్బులతో పని లేదని, పుట్టి నేలమీద పడ్డాకే రోగాలతో పోరు మొదలవుతుందని ఒకప్పుడు వైద్యులు కూడా అనుకునేవారు. ఆ అభిప్రాయం ఎలా మారిందో, ఆ మార్పు మన తాడేపల్లి, మంగళగిరి, గుంటూరు తల్లులకు ఏ విధంగా అక్కరకొచ్చిందో ఈ పూట చెప్పుకుందాం.

గురివింద గింజ మీకందరికీ తెలుసు. అందులో అబ్రిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. ఆముదం గింజలో రిసిన్ అనే మరో విషం ఉంటుంది. జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ఈ విషాలను ఆడ ఎలుకలకు కొద్దికొద్దిగా అలవాటు చేసి, వాటి పిల్లలను పరీక్షించారు. పిల్లలు విషాన్ని తట్టుకున్నాయి. తండ్రి ఎలుకకు అలవాటు చేస్తే మాత్రం పిల్లలకు ఆ రక్షణ రాలేదు. మామూలు తల్లికి పుట్టిన పిల్లలను విషానికి అలవాటుపడిన ఎలుక దగ్గర పాలు తాగనిస్తే, వాటికీ రక్షణ దొరికింది. 1892లో ఆయన ప్రకటించిన ఈ ఫలితాలతో తల్లి నెత్తురు, తల్లి పాలు బిడ్డను కాపాడతాయని రుజువైంది.

ఆ రక్షణ ఇచ్చేవి యాంటీబాడీలని మనకిప్పుడు తెలుసు. వాటిలో ఐజీజీ అనే రకం మాయను దాటి బిడ్డకు చేరుతుంది, అదీ ఎక్కువగా చివరి మూడు నెలల్లో. కూతుర్ని అత్తవారింటికి పంపుతూ కట్టి ఇచ్చే సారె లాంటిది అది. కొన్నాళ్లు ఆదుకుంటుంది, తర్వాత అయిపోతుంది. ఆపైన బిడ్డ తన రక్షణ తానే సంపాదించుకోవాలి.

మరి వైరస్ కడుపులోకే వచ్చేస్తే? 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి వైద్యుడు శుక్లాలతో పుట్టిన పసిబిడ్డలను వరుసగా చూశారు. వాళ్ల తల్లుల్లో చాలామందికి గర్భం తొలి నెలల్లో రుబెల్లా అనే వైరస్ జబ్బు వచ్చిందని ఆయన గుర్తించారు. 1964, 65లో అమెరికాలో రుబెల్లా విజృంభించినప్పుడు సుమారు 20,000 మంది పిల్లలు దాని దెబ్బతో పుట్టారు. ఆ బిడ్డల నెత్తురు పరీక్షించినప్పుడు పెద్ద విషయం బయటపడింది. వాళ్లలో ఐజీఎమ్ అనే యాంటీబాడీలు ఉన్నాయి. ఐజీఎమ్ మాయను దాటదు, కనుక అది తల్లి ఇచ్చింది కాదు, కడుపులోనే బిడ్డ తయారు చేసుకున్నది. పుట్టకముందే ఆ పసిప్రాణం వైరస్‌ను ఎదుర్కొంది! ఆ ముప్పు మన పిల్లలకు రాకూడదనే 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల వయసు వరకు పిల్లలందరికీ తట్టు, రుబెల్లా టీకా వేయడం మొదలుపెట్టారు.

ఇక హెచ్ఐవీ సంగతి. మన దేశంలో దీన్ని 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్ బృందం మొదట గుర్తించింది. తర్వాతి రోజుల్లో ఎక్కువగా నష్టపోయిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. హైదరాబాద్ పరిశోధకులు 2004, 05లో గుంటూరు జిల్లా ఊళ్లలో 12,000 మందికి పైగా పెద్దవాళ్ల రక్తం పరీక్షిస్తే, నూటికి దాదాపు 1.7 మందిలో ఈ వైరస్ కనిపించింది. వాళ్లలో తల్లులు కాబోతున్నవాళ్లూ ఉంటారు కదా!

మందులు వాడకపోతే అలాంటి తల్లుల బిడ్డల్లో నూటికి 15 నుంచి 45 మందికి వైరస్ సోకవచ్చు. 1994లో అమెరికా, ఫ్రాన్స్ పరిశోధన ఒక మందుతో ఈ ముప్పును దాదాపు మూడో వంతుకు తగ్గించింది. 1999లో ఉగాండాలో కాన్పు సమయంలో తల్లికి ఒక్క నెవిరపిన్ మాత్ర, పుట్టిన బిడ్డకు కొద్దిగా మందు ఇస్తే ముప్పు సగం దాకా తగ్గింది. 2014 నుంచి మన దేశంలో హెచ్ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం ఉచితంగా మందులు ఇచ్చే విధానం వచ్చింది. సరిగ్గా వాడితే బిడ్డకు సోకే ముప్పు నూటికి 5 కన్నా తక్కువ.

తల్లి ఇచ్చిన యాంటీబాడీలు ఇక్కడొక చిక్కు తెచ్చిపెట్టాయి. వైరస్ సోకని బిడ్డలోనూ అవి 18 నెలల దాకా ఉండవచ్చు. మామూలు పరీక్ష చేస్తే అవే కనిపిస్తాయి. అది చూసి బిడ్డకు జబ్బు అంటుకుందని కుమిలిపోకూడదు. అందుకే ఆరు వారాల వయసులో వేరే పరీక్ష చేస్తారు. బిడ్డ మడమ మీద చిన్న సూదితో గుచ్చి, మందపాటి కాగితం మీద అచ్చువేసిన వలయాలు నిండేలా ఒక్కో నెత్తురు బొట్టు పడనిస్తారు. దాన్ని ఎండ తగలకుండా ఆరబెట్టి ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ యాంటీబాడీ కోసం కాక నేరుగా వైరస్ కోసమే వెతుకుతారు.

వైరస్ సోకలేదని తేలితే చాలు, ఇక భయం లేదు అనుకుంటాం. సగం నిజమే. ఈ బిడ్డలకు తల్లి నుంచి తట్టు, కోరింత దగ్గు వంటి జబ్బులను అడ్డుకునే యాంటీబాడీలు తక్కువగా అందుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. వైరస్ సోకని కొందరు బిడ్డల బొడ్డుతాడు రక్తంలో కూడా ఆ వైరస్ తునకలను గుర్తుపట్టే టీ కణాలు (రోగనిరోధక కణాలు) కనిపించాయి. అంటే జబ్బు అంటకపోయినా శరీరం దాన్ని ఎరిగే ఉంది. మొదటి ఏడాది నిమ్ము వంటి జబ్బులు వీళ్లను మిగతా పిల్లలకన్నా ఎక్కువగా బాధిస్తాయి. అయితే టీకాలకు వీళ్ల శరీరం చక్కగా స్పందిస్తుంది. తల్లి గర్భం దాల్చకముందే మందులు మొదలుపెడితే ముప్పు ఇంకా తగ్గుతుంది.

కాబట్టి అక్కల్లారా, చెల్లెళ్లారా, మిరపకోతల్లో ఉన్నా, పత్తితీతల్లో ఉన్నా, మూడో నెల దాటకముందే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎమ్ దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి. హెచ్ఐవీ ఉందని తేలితే మందులు ఒక్కపూట కూడా మానకండి. మొదటి ఆరు నెలలూ మీ పాలే ఇవ్వండి, పోతపాలు కలపకండి. ఆరు వారాలకు, మళ్లీ 18 నెలలకు బిడ్డకు పరీక్షలు చేయించండి. ఏ టీకా గడువూ దాటనివ్వకండి. అత్తమామలూ, భర్తలూ, ఈ బాధ్యత మీదీ. ఆ తల్లిని వేలెత్తి చూపితే ఆమె ఆసుపత్రికి రావడం మానేస్తుంది, నష్టం మీ ఇంటి బిడ్డకే. సందేహం ఉంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయండి. మీ వివరాలు గోప్యంగా ఉంచుతారు.