హెడ్డు మార్చే ముందు

మారుతి 800ను ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఇంజిన్ వేడెక్కి హెడ్డు పగిలిందంటే పాత సామాన్ల కొట్టుకు వెళతారు. "ఇదీ 796 సీసీదే, పట్టేస్తుంది" అంటాడు కొట్టువాడు. అక్కడ ఒక్క నిమిషం ఆగండి.

796 సీసీలోనే ఎఫ్8బి, ఎఫ్8డి అని రెండు రకాలున్నాయి. మొదటిదానికి సిలిండరుకు 2 చొప్పున 6 వాల్వులు. ఆల్టోలో వచ్చిన రెండోదానికి 12. అందుకే ముందు బ్లాకు మీద కొట్టి ఉన్న ఇంజిన్ నంబరు చదవండి.

తర్వాత కొత్త గాస్కెట్‌ను బ్లాకు మీద, హెడ్డు మీద పెట్టి చూడండి. బోల్టు రంధ్రాలు కలిస్తే చాలదు, నీళ్ల దారులూ ఆయిల్ దారీ కలవాలి. ఆయిల్ అందకపోతే క్యామ్‌షాఫ్ట్ అరిగిపోతుంది.

హెడ్డుకు ఎన్నిసార్లు ఫేసింగ్ చేయించారో తప్పకుండా అడగండి. ఈ ఇంజిన్‌లో ఒక్కో సిలిండరు దాదాపు 265 సీసీ. పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ 34 సీసీ అనుకుంటే కంప్రెషన్ నిష్పత్తి 8.8 అవుతుంది. ఫేసింగ్‌లో హెడ్డు అరిగి అదే 30కి తగ్గితే 9.8! నాలుగు సీసీల తేడాకే ఇంజిన్ నాక్ కొట్టవచ్చు.

వాల్వు పిస్టన్‌కు తగులుతుందేమో చూడటానికి నాకు బాగా నమ్మకమైన పరీక్ష ఇంకొకటుంది. పిస్టన్ మీద పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి క్లే కొంచెం పెట్టి, పాత గాస్కెట్‌తో హెడ్డు బిగించండి. టైమింగ్ బెల్టు గుర్తులు కలిపి, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పండి. హెడ్డు విప్పి, వాల్వు నొక్కిన చోట క్లే ఎంత మందం మిగిలిందో కొలవండి. తిప్పేటప్పుడు ఎక్కడైనా పట్టేస్తే మాత్రం బలవంతం చేయకండి.