నలభై దాటాక డిగ్రీ

 

బడి విడిచాక నేను పాలిటెక్నిక్ డిప్లొమాతో ఉద్యోగంలో చేరాను. రాత్రుళ్లు చదివి ముప్పై ఆరో ఏట ఏఎంఐఈ పూర్తిచేశాను. దాన్ని ఇంజనీరింగ్ డిగ్రీతో సమానంగా చూసేవారు కాబట్టి ప్రమోషన్ వచ్చింది.

నా పక్క బెంచీ మిత్రుడు పదో తరగతితో ఆగి బేతంచెర్ల నాపరాళ్ల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. మన రాష్ట్రంలో 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. ఇంటర్ లేనివారినీ అర్హత పరీక్ష పెట్టి చేర్చుకుంది. ఆ దారిలో అతడు నలభై ఆరో ఏట బీకాం పాసయ్యాడు. అప్పటికి సర్కారు కొలువుకు వయసు దాటిపోయింది. చివరికి అదే ఫ్యాక్టరీలో లెక్కలు రాసే పని ఇచ్చారు. జీతం కొంచెమే పెరిగింది.

ఇద్దరం ఒకేలా కష్టపడ్డాం. నా డిగ్రీ కోసం ఒక కుర్చీ ముందే ఉంది. అతడు కుర్చీని వెతుక్కోవాల్సి వచ్చింది.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫీజు కట్టేముందే సర్వీసు రూల్సు, వయోపరిమితి, ఆ పట్టాకున్న గుర్తింపు కనుక్కోండి. 2013 మే 31 తర్వాత ఏఎంఐఈలో చేరినవారికి ఆ సమాన గుర్తింపు లేదు.

ఆ మిత్రుడు ఈ సభలోనే ఉన్నాడు. పట్టాతో ఏం లాభమని అడిగితే, "రాళ్ల దుమ్ము తప్పింది, రాత్రి దగ్గు తగ్గింది లేప్పా" అంటాడు. ఆ లాభాన్నీ లెక్కలో వేసుకోండి.