కెనడా కొలువు: ముందు ఊరి పేరు అడుగుడు
(సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ మధ్య మా అంగడికి వచ్చిన పెద్దలు ఇద్దరు ముగ్గురు ఒకే మాట అడిగిరి. కుర్రవానికి కెనడాలో హోటలు పని యున్నదట. అనుమతి పత్రమునకు ఏజెంటు లక్షలు అడుగుచున్నాడట. నగలు కుదువ పెట్టవచ్చునా అని.

ఆ పత్రమును ఎల్.ఎం.ఐ.ఏ. అందురు. స్థానికులు దొరకలేదని ప్రభుత్వమునకు చూపి యజమాని పొందవలసినది. దాని రుసుము వేయి డాలర్లు. అది యజమానియే భరింపవలెను. కార్మికునినుండి రాబట్టుట అచ్చటి నిబంధనలకు విరుద్ధము. కావున లక్షలు దేనికో ఆ ఏజెంటునే అడుగుడు.

రెండవది ఊరి సంగతి. కెనడా అంతయు ఒకే సంత కాదు. న్యూఫౌండ్‌లాండులో నిరుద్యోగము దశాబ్దములుగా దేశపు సగటును మించియున్నది. అల్బర్టాలో చమురు ధర హెచ్చినపుడు పనివారు చాలకుండిరి. 2015లో ధర పడగా వేలమందికి పని పోయెను. 2014లో ప్రభుత్వము, నిరుద్యోగము నూటికి 6 మించిన ప్రాంతములలో హోటళ్లు, చిల్లర దుకాణములు మున్నగువాని తక్కువ జీతపు కొలువులకు దరఖాస్తులను నిరాకరించెను. 2022లో ఆ కట్టడిని ఎత్తివేసి, 2024 సెప్టెంబరు 26 నుండి నూటికి 6, అంతకు మించిన మహానగర ప్రాంతములలో మరల పెట్టిరి. వ్యవసాయము, ఆహార తయారీ, నిర్మాణము, వైద్యము వంటివానికి మినహాయింపు నిచ్చిరి. నగరముల జాబితా మూడు నెలలకొకసారి మారునట్లు ఏర్పరచిరి. ఏజెంటు సొమ్ము పుచ్చుకొన్ననాడు తెరచియున్న నగరము, దరఖాస్తు చేరునాటికి మూతపడవచ్చును.

ఈ కట్టడిని మేము తప్పుపట్టము. ఊరివారికి పని లేనపుడు పొరుగువానిని దింపిన ఏమగునో మన పెద్దలు బర్మాలో చూచిరి. యానాము చెంతనున్న కోరంగి రేవు పేరే అచ్చట మనవారికి పేరైనది. 1930 మే మాసమున రంగూను రేవులో తెలుగు కూలీలు జీతము పెంచుమని పని మానగా, యజమానులు బర్మీయులను పెట్టుకొనిరి. రాజీ కుదిరిన పిమ్మట వారిని పంపివేసిరి. అంతట చెలరేగిన అల్లరులలో నూరుమందికి పైగా మడిసిరి. వారిలో మనవారే హెచ్చు. ఇరువురును కూలివారే. యజమానుల ఓడలు మాత్రము యథాప్రకారము సాగినవి.

మాకు నచ్చనిది వేరు. తక్కువ జీతపు కార్మికుని పర్మిట్టును ఒక్క యజమానికే కట్టివేయుదురు. జీతము ఎగవేసినను, క్రొత్త అనుమతి దొరకువరకు అతడు వేరొకచోట పని చేయలేడు. అప్పు మోసికొని పోయినవాడు నోరెట్లు మెదపగలడు?

కుదువ పెట్టుటకు ముందు ఆ పత్రములను సంఘ కార్యాలయమునకు తెండు. యజమాని పేరు, ఊరి పేరు, పని, జీతము — ఈ నాలుగును కలసి చూతము. ఊరి పేరు లేని పత్రముపై రూపాయి యైనను ఈయవలదు.