అడిగి చూద్దాం, చెప్పి చూద్దాం



మా కాలంలో బడి ఎగ్గొట్టి మ్యాటినీకి పోతే, సినిమా వదిలేలోగా ఇంటికి కబురు చేరేది. చేర్చింది సోడా అంగడాయనో, టికెట్లు చింపే ఆయనో మనకు తెలిసిపోయేది. ఇప్పుడు ఆ పని జేబులోని ఫోను చేస్తోంది. కబురు ఎవరికి పోతోందో మాత్రం తెలియదు.

నేను టెలికాం ఇంజనీరును కాబట్టి రెండు మాటల్లో చెబుతాను. జీపీఎస్‌లో ఫోను ఉపగ్రహాల సంకేతాలు అందుకుని తన చోటు తానే లెక్క కడుతుంది. దాన్ని బయటికి పంపేవి యాప్‌లు. లొకేషన్ ఆపితే వాటికి చాలావరకు అడ్డుకట్ట పడుతుంది. టవరు సంగతి వేరు. మనం ఏ టవరు కింద ఉన్నామో తెలియకపోతే నెట్‌వర్కు మనకు కాల్ కలపలేదు. కదిరి ఊర్లో ఆ అంచనా వందల మీటర్లలో ఉంటే, తలుపుల వైపు పల్లెల్లో కిలోమీటర్లు తేడా రావచ్చు. కాల్ రికార్డులను కనీసం రెండేళ్లు దాచాలని టెలికాం శాఖ 2021 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది.

2020లో కరోనా వచ్చినప్పుడు మన రాష్ట్ర విపత్తుల సంస్థ, హోం క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల ఫోన్లను ఇలాగే గమనించింది. ఇల్లు దాటి 100 మీటర్లు పోతే అధికారులకు హెచ్చరిక అందేది. అవసరం పెద్దదే. అవసరం తీరాక నిఘా ఆగాలి, సమాచారం చెరిపెయ్యాలి. అడగాల్సింది అదే.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. బెయిలు మీదున్న నిందితుణ్ణి గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ పంచుకొమ్మనే షరతు కూడా చెల్లదని 2024 జూలై 8న అదే కోర్టు తీర్పిచ్చింది.

ఇంత తెలిసిన నేనే తప్పు చేశాను. బెంగళూరు నుంచి వచ్చినప్పుడు మా నాన్న ఫోన్‌లో, ఆయనకు చెప్పకుండా లొకేషన్ షేరింగ్ పెట్టాను. ప్రతి గురువారం కుటాగుళ్లలో రెండు గంటలు కనిపించేవాడు. ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను. మంచం పట్టిన స్నేహితుడికి పేపరు చదివి వినిపించడానికి పోతున్నాడట.

"అడిగింటే నేనే చెప్తాంటి గదరా, దొంగను చూసినట్ల చూసేదేంది?" అన్నాడు.

ఆ తర్వాత ఫోను ఇంట్లో పెట్టి పోవడం మొదలుపెట్టాడు. రెండు నెలలకు దారిలో కళ్లు తిరిగి పడిపోయాడు. ఫోను ఇంట్లోనే ఉంది. ఆయన ఎక్కడున్నాడో తెలియడానికి మాకు మూడు గంటలు పట్టింది. క్షేమం కోసం నేను చేసిన పనే క్షేమానికి అడ్డమొచ్చింది.

ఆస్పత్రిలో తప్పయిందని ఒప్పుకున్నాను. ఆయన ఫోను నా చేతికిచ్చి, "పెట్టుకో. నీది గూడా నాకు కనపడల్ల" అన్నాడు. ఇప్పుడు ఇద్దరం ఒకరికొకరం కనిపిస్తాం. గురువారం నేనేమీ అడగను.

ఈ రాత్రి ఇంటికి పోయాక రెండు పనులు చేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో లొకేషన్ అనుమతులు తెరిచి, అక్కరలేని యాప్‌లకు తీసేయండి. పిల్లల ఫోన్లో, పెద్దల ఫోన్లో మీరు దొంగచాటుగా ఏమైనా పెట్టి ఉంటే, వాళ్లకు చెప్పండి. ఉంచాలో వద్దో వాళ్లతో కలిసి తేల్చుకోండి.